పాఠశాలలలో ప్రాథమిక కంప్యూటరు విద్య (మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతము)

పాఠశాలలలో ప్రాథమిక కంప్యూటరు విద్య అనగా పాఠశాల విద్యార్థులు ఇతరుల సహాయము లేకుండా కంప్యూటరును వాడుకొనుటకు కావలసిన తొలి నైపుణ్యములను నేర్పుట. కంప్యూటరును ఆరంభించుట, మౌసును, కీబోర్డును ఉపయోగించుట, వ్రాసినదానిని భద్రపరచి మరల వెదకి తీయుట, మాతృభాషలో టైపు చేయుట, అంతర్జాలములో సమాచారమును వెదకుట, మోసములనుండి తమను తాము కాపాడుకొనుట ఇందులోని ముఖ్య అంశములు. ఇది ప్రోగ్రాములు వ్రాయు కంప్యూటరు శాస్త్రమునకు భిన్నమైనది. అక్షరములు నేర్చుటకు, సాహిత్యము చదువుటకు ఉన్న సంబంధమే ఈ రెండింటికి ఉన్నది.

ఈ వ్యాసము ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములో, పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగమునకు చెందిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతమును ముఖ్య ఉదాహరణగా తీసికొని, ఈ విద్య చరిత్రను, పద్ధతులను, సమస్యలను వివరించును.

ప్రాంతము

మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు మీదుగా దక్షిణమునకు వెళ్ళిన కుప్పం చేరవచ్చును. కుప్పం ఆంధ్ర ప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రముల సరిహద్దులు కలియు చోటునకు సమీపములో, చెన్నై - బెంగళూరు రైలు మార్గముపై ఉన్నది. మదనపల్లె టమాట మార్కెట్టునకు, పట్టు నేతకు పేరు పొందినది. పుంగనూరు పేరు పొట్టి జాతి ఆవుల వలన దేశమంతట తెలియును. ఈ ప్రాంతములో తెలుగుతో పాటు ఉర్దూ, తమిళము, కన్నడము మాట్లాడు కుటుంబములు కూడ గణనీయముగా ఉన్నవి. వర్షాధారపు వ్యవసాయము ఎక్కువగుటచే చదువు, ఉద్యోగముల కొరకు బెంగళూరునకు వెళ్ళువారు చాలమంది.

విద్యకు సంబంధించి ఈ ప్రాంతమునకు మంచి చరిత్ర కలదు. మదనపల్లెలో అనీ బిసెంట్ పేరు మీద నడచుచున్న దివ్యజ్ఞాన కళాశాల 1915 లో స్థాపించబడినది. రవీంద్రనాథ్ ఠాగూరు 1919 లో ఇచట బస చేసి జనగణమన గీతమును ఆంగ్లములోనికి అనువదించెను. మదనపల్లెలో 1895 లో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషీవ్యాలీ పాఠశాల సమీపములోని కురబలకోట మండలములో ఉన్నది. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయము 1997 లో ఏర్పడినది.

ఆవశ్యకత

కంప్యూటరు తెలియకపోవుట ఒకప్పుడు చిన్న లోటు మాత్రమే. నేడు అది విద్యార్థి ముందరి తలుపును మూయగల లోటు. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇంజనీరింగు మొదలైన కోర్సుల ప్రవేశ పరీక్ష (నాటి ఎంసెట్) 2017 నుండి కాగితముపై కాక కంప్యూటరుపై జరుగుచున్నది. జాతీయ స్థాయిలో జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలో ఇంజనీరింగు ప్రశ్నపత్రము 2019 నుండి పూర్తిగా కంప్యూటరు పద్ధతికి మారినది. పాఠము బాగుగా వచ్చియు, మౌసును అలవాటు లేని చేతితో పట్టుకొను విద్యార్థి పరీక్ష గదిలో ప్రతి ప్రశ్నకు కొన్ని క్షణములు నష్టపోవును. పొరపాటున నొక్కిన సమాధానమును మార్చుటెట్లో తెలియక కలవరపడును. ఇంటిలో కంప్యూటరు ఉన్న విద్యార్థికి ఈ నష్టము లేదు. కావున ఇది తెలివితేటల తేడా కాదు, అభ్యాసపు తేడా.

ప్రవేశ దరఖాస్తులు, ఉపకార వేతనములు, హాల్ టిక్కెట్లు, మార్కుల జాబితాలు, కుల, ఆదాయ ధ్రువపత్రములు కూడ నేడు అంతర్జాలము ద్వారానే లభించుచున్నవి. ఈ పనులు తెలియని కుటుంబము ప్రతిసారి నెట్ సెంటరునకు వెళ్ళి రుసుము చెల్లించవలెను. అంతకంటె ముఖ్యముగా, తమ ఆధార్ సంఖ్యను, ఫోనునకు వచ్చు రహస్య సంకేతమును పరాయివారి చేతికి అప్పగించవలసి వచ్చును. దరఖాస్తులో పుట్టిన తేదీ తప్పుగా పడినను గుర్తించువారుండరు. ఇంటిలో ఒక్క విద్యార్థి ఈ పని నేర్చిన యెడల ఆ ఇంటి వారందరికి ఆసరా కలుగును.

నేర్పవలసిన అంశములు

జాతీయ స్థాయిలో 2012 లో వెలువడిన పాఠశాల విద్యలో సమాచార, ప్రసార సాంకేతిక విధానము ఈ నైపుణ్యములను ప్రాథమిక, మధ్యమ, ఉన్నత అను మూడు దశలుగా విభజించినది. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2013 లో ఇందుకొక పాఠ్యప్రణాళికను రూపొందించినది. ప్రాథమిక దశలో సాధారణముగా నేర్పు అంశములు ఇవి:

* యంత్రము: కంప్యూటరు భాగములు, సరియైన పద్ధతిలో ఆరంభించుట, ఆపుట, విద్యుత్ జాగ్రత్తలు.
* చేతి అలవాటు: మౌసుతో గురి పెట్టుట, లాగుట; కీబోర్డుపై వేళ్ళను సరిగా ఉంచుట. దీనికి బొమ్మలు గీయు సాఫ్టువేరు (ఉదాహరణకు టక్స్ పెయింట్) మంచి సాధనము.
* ఫైళ్ళు: పేరు పెట్టి భద్రపరచుట, ఫోల్డర్లలో అమర్చుట, మరల వెదకి తీయుట. ఆరంభకులు ఎక్కువగా తడబడునది ఇచటనే.
* వ్రాత: లేఖ, దరఖాస్తు, చిన్న వ్యాసము టైపు చేయుట.
* లెక్కలు: గళ్ళ పట్టికలో మొత్తము, సగటు కట్టుట. వారము రోజుల టమాట ధరలను పట్టికలో వేసి గీత చిత్రము గీయించిన, గణితము, కంప్యూటరు రెండును ఒకేసారి వచ్చును.
* అంతర్జాలము: వెదకుట, దొరికిన సమాచారము నమ్మదగినదా అని పరిశీలించుట, ఈ-మెయిలు పంపుట.
* భద్రత: సంకేతపదమును దాచుకొనుట, అపరిచితుల సందేశములకు బదులీయకుండుట, వ్యక్తిగత చిత్రములను పంపకుండుట, ఇబ్బంది కలిగినపుడు పెద్దలకు తెలియజేయుట.

తెలుగులో టైపు చేయుట

కంప్యూటరు అనగా ఆంగ్లమే అను భావము తెలుగు మాధ్యమపు విద్యార్థులను వెనుకకు లాగునది. నిజమునకు యూనికోడ్ మొదటి కూర్పు నుండియు (1991) తెలుగు లిపికి అందులో స్థానమున్నది. 2001 లో వెలువడిన విండోస్ ఎక్స్‌.పి. తెలుగును చూపగల గౌతమి ఫాంటుతో వచ్చినది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది.

తెలుగు టైపునకు రెండు ప్రధాన పద్ధతులున్నవి. మొదటిది భారత ప్రభుత్వము ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్. ఇందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎక్కువగా ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉండును. రెండవది లిప్యంతరీకరణ. ఇందులో ఆంగ్ల అక్షరములతో తెలుగు ఉచ్చారణను టైపు చేసిన తెలుగు అక్షరములు వచ్చును. లేఖిని అను ఉపకరణము ఈ పద్ధతికి చెందినది.

ఉదాహరణకు "అమ్మ" అను పదము. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో షిఫ్ట్‌తో డి (అ), సి (మ), డి (పొల్లు), సి (మ) అని నాలుగు మార్లు నొక్కవలెను. లిప్యంతరీకరణలో ఎ, ఎం, ఎం, ఎ అని నాలుగు మార్లు నొక్కవలెను. మొదటి పద్ధతిలో విద్యార్థికి ఒత్తు అనగా పొల్లు, దాని తరువాత హల్లు అను వర్ణక్రమము కంటికి కనబడును. ఆంగ్ల స్పెల్లింగు రాని చిన్న తరగతుల పిల్లలకు ఇది అనుకూలము. ఆంగ్ల కీబోర్డునకు ఇదివరకే అలవాటు పడినవారికి రెండవది సులువు.

ఈ పదముతోనే కంప్యూటరు లోపలి సంగతి కూడ చెప్పవచ్చును. కంప్యూటరునకు "అమ్మ" నాలుగు సంకేతములు. యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. కావున ఈ చిన్న పదమునకు 12 బైట్లు కావలెను.

తెలుగులో పనిచేయు స్వేచ్ఛా సాఫ్టువేరును తయారు చేయుటకు "స్వేచ్ఛ" సంస్థ కృషి చేసినది. పాఠశాల పిల్లల కొరకు ఆ సంస్థ రూపొందించిన ఆపరేటింగు సిస్టమునకు "బాల స్వేచ్ఛ" అని పేరు. స్వేచ్ఛా సాఫ్టువేరునకు లైసెన్సు రుసుము లేనందున ప్రభుత్వ పాఠశాలలకు ఖర్చు తగ్గును.

చరిత్ర

భారతదేశములో పాఠశాలలకు కంప్యూటర్లను తెచ్చిన తొలి ప్రభుత్వ పథకము క్లాస్. ఇది 1984-85 లో సుమారు 250 పాఠశాలలలో ప్రయోగాత్మకముగా మొదలైనది. ఇందులో బ్రిటన్‌లో తయారైన బి.బి.సి. మైక్రో కంప్యూటర్లను వాడిరి. తరువాత 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము "ఐ.సి.టి. @ స్కూల్స్" పథకమును ఆరంభించి, 2010 లో సవరించినది. సవరించిన పథకము ప్రకారము ఒక్కొక్క పాఠశాలకు కనీసము 10 కంప్యూటర్లు, ప్రత్యేక కంప్యూటరు ఉపాధ్యాయుడు ఉండవలెను. 2018 లో ఈ కార్యక్రమములన్నియు సమగ్ర శిక్షలో భాగమైనవి.

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2008 లో 5,000 ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు విద్య ప్రవేశపెట్టబడినది. దీనిని ప్రైవేటు సంస్థలకు ఒప్పందముపై అప్పగించిరి. సంస్థయే యంత్రములను తెచ్చి, బోధకులను నియమించి, ఐదేళ్ళు నడిపి, పిదప పాఠశాలకు అప్పగించవలెను. పుంగనూరు వంటి పట్టణములలోను, చుట్టుప్రక్కల మండలములలోను చదువు సాధారణ కుటుంబముల పిల్లలకు ఇటువంటి ప్రభుత్వ పథకములే ముఖ్య ఆధారము. ఈ పద్ధతి వలన కంప్యూటర్లు తక్కువ కాలములో చాల పాఠశాలలకు చేరినవి. కాని బోధకుడు ఒప్పందపు ఉద్యోగి. ఒప్పందము ముగిసిన పిదప గదిలో యంత్రములు మిగిలినను వాటిని నేర్పువారు మిగులరు. పాఠశాలలోని స్థిర ఉపాధ్యాయులకు ఆ ఐదేళ్ళలో తర్ఫీదు ఇచ్చి ఉండిననే ఆ గది తెరిచి ఉండును.

కుప్పం ఐ-కమ్యూనిటీ

ఈ ప్రాంతపు చరిత్రలో ప్రపంచము దృష్టిని ఆకర్షించిన ప్రయత్నము కుప్పంలో జరిగినది. హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థ ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వముతో కలిసి 2002 లో కుప్పం నియోజకవర్గములో "ఐ-కమ్యూనిటీ" అను మూడు సంవత్సరముల పథకమును ఆరంభించినది. అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు 1989 నుండి ఈ నియోజకవర్గమునకు శాసనసభ్యుడు. గ్రామములలో సమాచార కేంద్రములను నెలకొల్పి, వాటి ద్వారా అంతర్జాలమును, ప్రభుత్వ సేవలను, కంప్యూటరు శిక్షణను అందించుట పథకపు ఉద్దేశ్యము. కంప్యూటర్లు అమర్చిన వాహనము ఊరూరు తిరిగెడిది. స్వయం సహాయక సంఘముల మహిళలకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడచు చిన్న ప్రింటరు ఇచ్చి ఫోటోగ్రాఫర్లుగా తీర్చిదిద్దిన కార్యక్రమము బాగుగా ప్రసిద్ధి పొందినది.

ఈ పథకమునకు రెండు లక్ష్యములుండెను. ఒకటి గ్రామాభివృద్ధి. రెండవది, గ్రామీణ వినియోగదారులకు ఎటువంటి వస్తువులు కావలెనో సంస్థ తెలిసికొనుట. అందుకే దీనిని "సజీవ ప్రయోగశాల" అని కూడ పిలిచిరి. మానవశాస్త్రవేత్త ఆంకె ష్విట్టే ఈ పథకముపై పరిశోధన చేసి 2008 లో వ్యాసము ప్రకటించిరి. 2004 లో రాష్ట్ర ప్రభుత్వము మారినది. మూడు సంవత్సరముల గడువు తీరిన పిదప సంస్థ ప్రత్యక్ష పాత్రనుండి తప్పుకొన్నది.

విద్యకు సంబంధించి కుప్పం అనుభవము చెప్పునది ఒకటున్నది. మూడు సంవత్సరములలో కేంద్రములను తెరువవచ్చును, యంత్రములను అమర్చవచ్చును. కాని ఆరవ తరగతిలో చేరిన విద్యార్థి పదవ తరగతి ముగించుటకు ఐదు సంవత్సరములు పట్టును. పథకపు ఆయుష్షు ఒక విద్యార్థి ఉన్నత పాఠశాల చదువుకంటె తక్కువైనపుడు, దాని ఫలము స్థానిక పాఠశాలలో, ఉపాధ్యాయులలో నాటుకొనకున్న నిలువదు.

స్థానిక బోధనా పద్ధతులు

కంప్యూటరు విద్యకు నేరుగా సంబంధించకపోయినను, ఈ ప్రాంతములో పుట్టిన రెండు బోధనా పద్ధతులు దీనికి ఉపయోగపడగలవు.

మొదటిది రిషీవ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రపు పద్ధతి. పద్మనాభ రావు, రమ దంపతులు చుట్టుప్రక్కల ఏకోపాధ్యాయ పాఠశాలల కొరకు దీనిని రూపొందించిరి. పాఠమును చిన్న చిన్న మెట్లుగా విడదీసి కార్డులుగా తయారు చేయుదురు. ప్రతి విద్యార్థి గోడమీది "నిచ్చెన" చూచి తన మెట్టును తాను గుర్తించి, తన వేగముతో ముందుకు సాగును. తమిళనాడు ప్రభుత్వపు కృత్యాధార బోధనకు ఇది మూలము. కంప్యూటరు గదిలో ఒకరికి మౌసు పట్టుటయే కష్టము, వేరొకరికి ఇంటి ఫోను వలన అన్నియు తెలిసినవే. అందరికి ఒకే పాఠము చెప్పుటకంటె మెట్ల కార్డులు ఇచ్చుట ఇచట తగినది.

రెండవది అగస్త్య అంతర్జాతీయ ఫౌండేషన్ పద్ధతి. రాంజీ రాఘవన్ 1999 లో స్థాపించిన ఈ సంస్థకు కుప్పం సమీపములో 172 ఎకరముల ప్రాంగణమున్నది. గ్రామీణ విద్యార్థులకు ప్రయోగముల ద్వారా విజ్ఞాన శాస్త్రమును నేర్పుట, ప్రయోగశాలనే వాహనములో పాఠశాలకు తీసికొని వెళ్ళుట ఈ సంస్థ ప్రత్యేకతలు. విద్యార్థులే తోటివారికి బోధించు పద్ధతి కూడ ఇందులో ఉన్నది. ఉపాధ్యాయుడొక్కడే ఉన్న కంప్యూటరు గదిలో, నేర్చిన విద్యార్థి ప్రక్కవానికి చూపుట వలన బోధకుల కొరత కొంత తీరును.

ఒక్కొక్కరికి దక్కు సమయము

పాఠశాలలో ఎన్ని కంప్యూటర్లున్నవి అను లెక్క కంటె, ఒక్కొక్క విద్యార్థి చేయి ఎంతసేపు కీబోర్డుపై ఉన్నది అను లెక్క ముఖ్యమైనది. తరగతిలో 40 మంది, గదిలో 10 కంప్యూటర్లు, వారమునకు 40 నిమిషముల పీరియడు ఒకటి అనుకొందము. నలుగురికి ఒక యంత్రము వచ్చును. వంతులు సరిగా పాటించిననే ఒక్కొక్కరికి 10 నిమిషములు దక్కును. సంవత్సరములో 35 వారములు జరిగిన, మొత్తము 350 నిమిషములు, అనగా ఆరు గంటలకు లోపే. విద్యుత్తు లేని రోజులు, పరీక్షల రోజులు, చెడిపోయిన యంత్రములు ఇందులోనుండి ఇంకను తగ్గించవలెను. వంతులు పాటించని చోట చురుకైన ఒక్కడే మౌసు పట్టుకొనును. వెనుక నిలుచువారు, తరచుగా బాలికలు, చూచుటతో సరిపెట్టుకొందురు.

ఈ సమయమును పెంచుటకు ఖర్చు లేని ఉపాయములు కొన్ని కలవు:

* తరగతిని రెండుగా విభజించి, ఒక భాగము యంత్రముల వద్ద ఉండగా రెండవ భాగముచే కాగితముపై పని చేయించుట. కీబోర్డు చిత్రపటముపై వేళ్ళ అభ్యాసము, ఫోల్డర్ల చెట్టు గీయుట ఇట్టివి.
* వంతుల పట్టికను గోడపై అంటించి, పది నిమిషములకొకసారి గంట కొట్టుట.
* బడి విడిచిన పిదప ఒక గంట గదిని తెరిచి ఉంచుట.
* గణితము, సాంఘిక శాస్త్రము పాఠములను కూడ అప్పుడప్పుడు కంప్యూటరు గదిలో జరుపుట.

ఇతర ప్రాంతముల అనుభవము

పిల్లలు తమంతట తామే నేర్చుకొందురని చూపుటకు సుగతా మిత్రా 1999 లో ఢిల్లీలోని కాల్కాజీలో ఒక గోడలో కంప్యూటరును అమర్చి వీధి పిల్లలకు వదలెను. పిల్లలు మౌసును వాడుట త్వరగా నేర్చిరి. అయితే క్రమమైన చదువునకు ఇది చాలదని విమర్శకులు చూపిరి. పెరూ దేశములో పిల్లలకు లాప్‌టాప్‌లు పంచిన పథకమును 2012 లో పరిశీలించిన అధ్యయనములో గణితము, భాషలలో మార్కులు పెరిగినట్లు కనబడలేదు.

దీనికి భిన్నముగా, గుజరాత్‌లోని వడోదరలో నాల్గవ తరగతి పిల్లలకు వారమునకు రెండు గంటలు, ఇద్దరికొక కంప్యూటరు చొప్పున గణితపు ఆటలు ఆడించిన కార్యక్రమము వలన గణితములో చెప్పుకోదగిన ప్రగతి కలిగినదని 2007 లో ప్రకటించిన పరిశోధన తెలిపినది. ఇచట క్రమమైన సమయము, తరగతికి తగిన పాఠము ఉన్నవి.

కేరళ ప్రభుత్వము 2001 లో "ఐ.టి. @ స్కూల్" పథకమును మొదలుపెట్టి, పాఠశాలలోని ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చి, స్వేచ్ఛా సాఫ్టువేరును మాతృభాషలో వాడించినది. ఐ.టి. ని పదవ తరగతి పరీక్షలో భాగము చేసినది. ఇది 2017 లో "కైట్" అను ప్రభుత్వ సంస్థగా మారి కొనసాగుచున్నది.

ట్యాబులు, పెద్ద తెరలు

2020 మార్చిలో కోవిడ్ వలన పాఠశాలలు మూతపడినపుడు ఆంధ్ర ప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠములు ప్రసారము చేయబడినవి. 2022 డిసెంబరు 21 న రాష్ట్ర ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ట్యాబుల పంపిణీని ఆరంభించినది. ఆ విడతలో ఇచ్చినవి 5 లక్షలకు పైగా. వీటిలో బైజూస్ సంస్థ పాఠములు ఉండెను. 2023 డిసెంబరులో మరియొక విడత పంపిణీ జరిగినది. బైజూస్ సంస్థ 2024 లో దివాలా ప్రక్రియలోనికి వెళ్ళినది. నాడు-నేడు పథకము క్రింద తరగతి గదులలో పెద్ద స్పర్శ తెరలను కూడ అమర్చిరి.

ట్యాబు పాఠము చూచుటకు అనుకూలము. కాని దానిపై వేలితో తాకుట తప్ప కీబోర్డు, మౌసు, ఫైళ్ళ అలవాటు అంతగా రాదు. పెద్ద తెర ఉపాధ్యాయుని సాధనము. విద్యార్థి దానిని చూచునే గాని వాడడు. కావున ఇవి రెండును కంప్యూటరు గదికి తోడు కాగలవు గాని ప్రత్యామ్నాయము కాజాలవు. ప్రవేశ పరీక్ష వ్రాయు విద్యార్థి ముందు ఉండునది మౌసు ఉన్న కంప్యూటరే.

ఇవి కూడా చూడండి

* మదనపల్లె
* పుంగనూరు
* కుప్పం
* రిషీవ్యాలీ పాఠశాల
* ద్రావిడ విశ్వవిద్యాలయము
* యూనికోడ్
* ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు